థర్మాకోల్ గ్లాసు కరిగిందని ఫిష్ ఆయిల్ పారేయాలా? ఇంటి పరీక్షల్లో ఏది నిజం?

వేసవి వాన (విజయవాడ)
శనివారం, సాయంత్రం 6:40

మా మావయ్య గారు వాకింగ్ ఫ్రెండ్స్ చెప్పారని కొన్నాళ్లుగా ఫిష్ ఆయిల్ క్యాప్సూళ్లు వేసుకుంటున్నారు. మొన్న వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. క్యాప్సూల్ కోసి నూనె థర్మాకోల్ గ్లాసులో పోస్తే కాసేపటికి అడుగు కరిగి చిల్లు పడుతుంది. "మీ కడుపులో ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి" అని కింద రాశారు. ఆయన ఊరుకుంటారా? ఎప్పుడో ఫంక్షన్‌లో మిగిలిన గ్లాసు వెతికి మరీ చేశారు. నిజంగానే చిల్లు పడింది.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. ఆయన డబ్బా పారేయమంటున్నారు. మా వారేమో ఫ్రీజర్‌లో పెట్టాలి, గడ్డకడితే కల్తీ, గడ్డకట్టకపోతే మంచిది అంటున్నారు. పెట్టాం. గడ్డకట్టలేదు. ఒకే డబ్బా ఒక పరీక్షలో ఫెయిల్, ఇంకోదాంట్లో ఫస్ట్ క్లాస్!

లేబుల్ మీద ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా., అందులో ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ 360, డీహెచ్‌ఏ 240 అని ఉంది. చిన్న అక్షరాల్లో "ఇథైల్ ఎస్టర్ రూపంలో" అని రాశారు. నిమ్మ ఫ్లేవర్. ఇంట్లో చూసుకోవడానికి పనికొచ్చే పరీక్ష అసలు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జిమ్ పహిల్వాన్ (హైదరాబాద్)
శనివారం, సాయంత్రం 7:05

మా కోచ్ కూడా ఇదే చూపించాడు అక్కా. గ్లాసు కరిగిందంటే సింథటిక్ అన్నట్టు. నేను వాడేది పోస్తే గ్లాసు బయట కొంచెం చెమ్మ కనబడింది, అంతే. రేటు ఎక్కువైనా ఒరిజినల్ తీసుకోండి.

కెమిస్ట్రీ మాస్టారు
శనివారం, రాత్రి 8:32

అమ్మా, ముందు ఆ డబ్బా పారేయకండి.

థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్‌లోకి గాలి బుడగలు ఎక్కించి ఉబ్బించిన ప్లాస్టిక్. దాన్ని కరిగించే ద్రవాలు చాలా ఉన్నాయి. పెట్రోలు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణం, ఆఖరికి నారింజ తొక్క పిండితే చిమ్మే రసం కూడా కరిగిస్తుంది, దాంట్లో లిమొనీన్ ఉంటుంది కాబట్టి. నారింజ తింటే పేగులు కరుగుతాయని ఎవరూ వీడియో తీయలేదు.

చేపలోనూ, మనం వాడే వేరుశనగ నూనెలోనూ కొవ్వు ట్రైగ్లిజరైడ్ రూపంలో ఉంటుంది. అంటే ఒక గ్లిజరాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకుని ఉంటాయి. మామూలు చేప నూనెలో ఈపీఏ సుమారు 18 శాతం, డీహెచ్‌ఏ 12 శాతం ఉంటాయి. అందుకే చవక క్యాప్సూళ్లన్నింటి మీదా 180, 120 అంకెలే కనిపిస్తాయి. ఈ శాతం పెంచాలంటే ఆ మూడింటినీ విడదీయాలి. ఇథనాల్‌తో చర్య జరిపితే ఒక్కో కొవ్వు ఆమ్లం ఇథైల్ ఎస్టర్ అవుతుంది. తర్వాత వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి కావలసినవి చిక్కబరుస్తారు. అక్కడితో ఆపి క్యాప్సూల్‌లో నింపితే మీ దగ్గరున్న రకం. మళ్లీ గ్లిజరాల్‌కి తగిలించి ట్రైగ్లిజరైడ్‌గా మార్చి అమ్మితే ఖరీదైన రకం. మీ క్యాప్సూల్లో 60 శాతం ఉంది కాబట్టి అది ఈ దారిలోనే వచ్చింది, లేబుల్ మీదా అదే రాశారు.

ఇథైల్ ఎస్టర్ అణువు చిన్నది, థర్మాకోల్‌లోకి తేలిగ్గా చొరబడి కరిగిస్తుంది. ట్రైగ్లిజరైడ్ పెద్దది కాబట్టి నెమ్మది. పహిల్వాన్ గారి గ్లాసుకి పట్టిన చెమ్మ అదే. కనుక ఈ పరీక్షకి తెలిసేది ఒక్కటే, నూనె ఏ రూపంలో ఉంది అని. తాజాదా, ముక్కిపోయిందా, లేబుల్ మీద రాసినంత ఉందా, ఇవేవీ దానికి తెలియవు. ఏడాది పాటు ఎండలో పడున్న ట్రైగ్లిజరైడ్ నూనె కూడా ఈ పరీక్ష దర్జాగా పాసవుతుంది.

ఇంకో మాట. గుండె జబ్బుల మీద 2018లో వెలువడిన రెడ్యూస్-ఇట్ ట్రయల్‌లో ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్నారు. అందులో రోజుకు 4 గ్రాములు ఇచ్చిన మందు పేరే ఐకోసాపెంట్ ఇథైల్. అది శుద్ధ ఇథైల్ ఎస్టర్. గ్లాసులో పోస్తే అదీ చిల్లు పెడుతుంది.

డల్లాస్ బుల్లోడు
శనివారం, రాత్రి 9:10

మాస్టారూ, అయితే రెండు రూపాలూ ఒకటేనా? ఇక్కడ ట్రైగ్లిజరైడ్ రకానికి దాదాపు రెట్టింపు లాగుతున్నారు.

కెమిస్ట్రీ మాస్టారు
శనివారం, రాత్రి 9:24

పూర్తిగా ఒకటే అనను. 2010లో డయర్‌బర్గ్ బృందం పోల్చి చూసినప్పుడు మామూలు చేప నూనె ఒంటికి పట్టడం 100 అనుకుంటే, తిరిగి కట్టిన ట్రైగ్లిజరైడ్ 124, ఇథైల్ ఎస్టర్ 73 వచ్చింది. ఇథైల్ ఎస్టర్‌ని విడగొట్టడానికి మన జీర్ణరసాలకి ఎక్కువ సమయం పడుతుంది. పరగడుపున వేసుకుంటే సగం వృథా అనుకోండి. కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే తేడా బాగా తగ్గుతుంది. పొద్దున్నే కాఫీతో మింగే అలవాటుంటే మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి వైపు మార్చండి. రెట్టింపు ధర పెట్టడం కంటే అది చవక.

పప్పుచారు
శనివారం, రాత్రి 9:40

చిన్న డౌటు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గాలని వేసుకునే మందులో ట్రైగ్లిజరైడ్లు ఉండటమేంటి?

కెమిస్ట్రీ మాస్టారు
శనివారం, రాత్రి 9:47

తిన్న నూనె ఏ రూపంలో ఉన్నా పేగులో విడిపోయి, గోడ దాటాక మళ్లీ కట్టుకుంటుంది. మీ పప్పుచారులో పోపు నూనె కూడా ట్రైగ్లిజరైడే. క్యాప్సూల్లో ఉండేది ఒక గ్రాము, కాబట్టి దానికి భయం అక్కర్లేదు.

ఫ్రీజర్ సంగతి కూడా చెప్పేస్తాను, రేపు కాలేజీ డ్యూటీ ఉంది. ఈపీఏ దాదాపు మైనస్ 54 డిగ్రీల దగ్గర, డీహెచ్‌ఏ మైనస్ 44 దగ్గర గడ్డకడతాయి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 మాత్రమే. అక్కడ గడ్డకట్టేది చేపలో సహజంగా ఉండే పామిటిక్ లాంటి సంతృప్త కొవ్వు. మామూలు 18/12 నూనెలో అది ఉంటుంది కాబట్టి తెల్లగా మబ్బు పడుతుంది, అది కల్తీ కాదు. చిక్కబరిచిన నూనెలో ఆ కొవ్వు ఎక్కువ భాగం తీసేస్తారు కాబట్టి పలచగానే ఉంటుంది. మీ డబ్బా "ఫస్ట్ క్లాస్" రావడం వెనక కథ ఇంతే. సోయా నూనె కలిపిన చేప నూనె కూడా ఫ్రీజర్లో గట్టిరాయి కాదు, కాబట్టి కల్తీ పట్టడానికి ఇది ఎందుకూ కొరగాదు. ఒక్క సందర్భంలో మాత్రం అనుమానించొచ్చు. లేబుల్ మీద 60, 70 శాతం అని రాసి, ఫ్రీజర్ కూడా కాదు, కింద ఫ్రిజ్ అరలోనే కొబ్బరినూనెలా గట్టిపడితే, ఆ అంకెలు నమ్మకండి.

ఆరోగ్య మిత్ర 99
ఆదివారం, ఉదయం 7:15

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు
ఆదివారం, ఉదయం 8:02

థర్మాకోల్ గ్లాసు ఫొటో పెట్టి కింద తమ బ్రాండు లింకు, "డిస్ట్రిబ్యూటర్‌గా చేరండి" నంబరు ఇచ్చారు. తీసేశాం. మళ్లీ చేస్తే ఐడీ ఉండదు.

మందుల షాపు (గుంటూరు జిల్లా)
ఆదివారం, ఉదయం 9:20

ఆ డెమో ఎక్కడ పుట్టిందో పై పోస్టు చూస్తే తెలుస్తోంది. ఇళ్లల్లో మీటింగులు పెట్టి అమ్మేవాళ్లకి గ్లాసు కరగడం కంటే మంచి ప్రచారం ఏముంటుంది? వాళ్ల సరుకు ట్రైగ్లిజరైడ్ రకం అయితే చాలు, ఎదుటివాడిది ఎప్పుడూ చిల్లు పెడుతుంది.

కౌంటర్లో నిలబడేవాడిగా నాకు తెలిసిన ఇంటి పరీక్ష ఒకటే. క్యాప్సూల్‌ని సూదితో గుచ్చి వాసన చూడండి, ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. బాగా శుద్ధి చేసిన తాజా నూనెకి చాలా తక్కువ వాసన ఉంటుంది, ఉన్నా సముద్రపు గాలి లాంటి లేత వాసన. ముక్కిపోయినది పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు కొడుతుంది, గొంతులో గరగరలాడుతుంది. చేప నూనె కదా, నీచు వాసన రావాల్సిందే అని జనం అనుకుంటారు. అది తప్పు. నీచు గుప్పుమంటే నూనె పాడవడం మొదలైనట్టే.

వాసన రాకపోతే మాత్రం మంచిదని సర్టిఫికెట్ ఇవ్వలేం. మొదట్లో పుట్టే పెరాక్సైడ్లకి వాసన ఉండదు. పేగులో కరిగే పూత వేసిన క్యాప్సూల్ మింగితే తేన్పులు రావు కాబట్టి పాడైనా తెలియదు. దాన్ని కోసి చూడాల్సిందే. ఇక నిమ్మ, నారింజ ఫ్లేవర్ వేశారంటే ముక్కుకి గంతలు కట్టినట్టే.

వాసన కంటే ముందు చూడాల్సింది డబ్బా ఎక్కడ పెరిగిందో. విజయవాడలో మే నెల ఎండ తెలిసిందే కదా. గోడౌన్ రేకుల షెడ్డు, డెలివరీ వ్యాను, ఆపైన షాపు అద్దాల షెల్ఫు. ఈపీఏలో ఐదు, డీహెచ్‌ఏలో ఆరు డబుల్ బాండ్లు ఉంటాయి, వేడి, వెలుగు, గాలి మూడూ వాటికి శత్రువులే. క్యాప్సూళ్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దయితే జెలటిన్ వేడికి మెత్తబడిందని అర్థం. అలాంటి డబ్బా నేనైతే తీసుకోను. ఎక్స్‌పైరీ ఎంత దూరం ఉందని కాదు, తయారీ తేదీ ఎంత దగ్గరుందో చూడండి. ఎండాకాలంలో ఆన్‌లైన్ కంటే ఏసీ ఉన్న మెడికల్ షాపు మేలు. నా వ్యాపారం కోసం చెబుతున్నా అనుకున్నా పర్లేదు.

కాకినాడ కవళ్లు
ఆదివారం, ఉదయం 10:11

నీచు సంగతి షాపు గారు కరెక్టుగా చెప్పారు. ఒడ్డున దిగిన చేపకి నీచు ఉండదండి. గంటలు గడిచేకొద్దీ వస్తుంది.

అసలు ఇంత గొడవెందుకు? కవళ్లు (సార్డిన్ చేపలు) కొనుక్కోండి. కానాగంతలు (మాకెరెల్) కొనుక్కోండి. సీజన్లో బాగా కొవ్వెక్కిన కవళ్లు వంద గ్రాములు తింటే క్యాప్సూళ్లు మూడో నాలుగో మింగినంత. పైగా పులుసు. తాజాదో కాదో మొప్పలు ఎత్తి చూస్తే పిల్లాడికైనా తెలుస్తుంది, గ్లాసులు కరిగించక్కర్లేదు. వంజరం, చందువా అంటూ ఖరీదైనవాటి వెంట పడతారు గానీ ఒమేగా-3 విషయంలో ఈ చవక చేపలే గొప్ప.

చెరువు చేపలు తింటున్నాం కదా అనుకోకండి. శీలావతి, బొచ్చెల్లో ఇది చాలా తక్కువ. తవుడు, చెక్క తిని పెరిగే చేపకి సముద్రపు నాచు కొవ్వు ఎక్కడినుంచి వస్తుంది? కొల్లేరు చుట్టుపక్కలవాళ్లు నన్ను తిట్టుకోకండి, రుచి వేరు, ఇది వేరు.

పప్పుచారు
ఆదివారం, ఉదయం 10:30

మేం చేపలు తినం. నాచు నూనె క్యాప్సూళ్లు వాడుతున్నాం. వాటికీ ఇవే పరీక్షలా? ఇంకోటి, క్యాప్సూల్ తొడుగు దేంతో చేస్తారో ఎలా తెలుస్తుంది?

మందుల షాపు (గుంటూరు జిల్లా)
ఆదివారం, ఉదయం 11:45

చేపలకి ఈ కొవ్వు వచ్చేదే నాచు నుంచి కాబట్టి మీది మధ్యవర్తి లేని బేరం. వాసన పరీక్ష దానికీ వర్తిస్తుంది. ఎక్కువ రకాల్లో డీహెచ్‌ఏ బాగా ఉండి ఈపీఏ తక్కువ ఉంటుంది, లేబుల్ చూడండి. తొడుగు మామూలుగా గొడ్డు లేదా పంది జెలటిన్, కొన్నిటికి చేప జెలటిన్. శాకాహారానికైతే పిండి పదార్థం, క్యారజీనన్ లాంటివి వాడతారు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో, గోధుమ రంగు త్రికోణం ఉందో చూస్తే తేలిపోతుంది.

లెక్కల పిచ్చి
ఆదివారం, మధ్యాహ్నం 12:20

నాణ్యత గురించి ఇంత మాట్లాడారు గానీ ఇంట్లో కాలిక్యులేటర్‌తో చేయగల పరీక్ష ఎవరూ చెప్పలేదు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే 1000ని వదిలేయండి. అది మొత్తం నూనె బరువు. వెనక ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కూడండి.

ఉదాహరణకి మూడు డబ్బాలు, ఒక్కోదాంట్లో 60 క్యాప్సూళ్లు అనుకుందాం. మొదటిది ₹540, క్యాప్సూల్‌కి 300 మి.గ్రా. మొత్తం 18 గ్రాములు, గ్రాము ₹30. రెండోది ₹1,260, క్యాప్సూల్‌కి 600. మొత్తం 36 గ్రాములు, గ్రాము ₹35. మూడోది ₹900, లేబుల్ మీద 600 అని ఉంది. చవకగా ఉందే అనిపిస్తుంది. కింద చిన్నగా "ఒక సర్వింగ్ అంటే రెండు క్యాప్సూళ్లు" అని ఉంటుంది. అంటే క్యాప్సూల్‌కి 300, మొత్తం 18 గ్రాములు, గ్రాము ₹50. మూడింట్లో ఖరీదైనది అదే.

ఈపీఏ, డీహెచ్‌ఏ విడివిడిగా రాయకుండా "ఒమేగా 3-6-9 మిశ్రమం" అని ఒకే అంకె ఇచ్చారంటే నేను మళ్లీ అరలో పెట్టేస్తా. 6, 9 మన వంటనూనెల్లోనే కావలసినంత ఉన్నాయి, వాటికి క్యాప్సూల్ ధర ఎందుకు?

జిమ్ పహిల్వాన్ (హైదరాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 1:02

లెక్కల అన్నా, నా డబ్బా చూసినా. సర్వింగ్ రెండు క్యాప్సూళ్లంట. కోచ్‌ని అడగాలె.

మెర్క్యురీ సంగతేంది మరి? నీళ్లల్లో వేస్తే మునిగితే మెర్క్యురీ ఉన్నట్టు, తేలితే లేనట్టు అని ఇంకో రీల్ చూసిన.

కెమిస్ట్రీ మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:50

ఆ రీల్ తీసినాయన ఏ నూనె పోసినా తేలుతుంది. చేప నూనె సాంద్రత 0.92 చుట్టుపక్కల. నిజంగా మునిగేంత పాదరసం ఉంటే దాన్ని చూడటానికి మనిషి మిగలడు.

పైగా చేపలో పాదరసం మాంసంలోని ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది, నూనెలోకి చాలా తక్కువ వస్తుంది. నూనెలో చూడాల్సినవి కొవ్వులో కరిగే డయాక్సిన్లు, పీసీబీలు అనే విష కాలుష్యాలు. శుద్ధి చేసేటప్పుడు వాటిని తీసేస్తారు. తీశారా లేదా అన్నది పెద్ద ల్యాబ్ యంత్రాలు తప్ప ఎవరూ చెప్పలేరు, మన వంటింట్లో దానికి దారి లేదు.

ముక్కిపోవడాన్ని మాత్రం మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో కొలవొచ్చు. పెరాక్సైడ్ విలువ అంటారు. 5 గ్రాముల నూనెని ఎసిటిక్ ఆమ్లం, క్లోరోఫాం మిశ్రమంలో కరిగించి, పొటాషియం అయొడైడ్ వేసి, చీకట్లో ఉంచి, విడుదలైన అయొడిన్‌ని సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తాం. స్టార్చ్ నీలం పోయేవరకూ. 0.01 నార్మల్ థయోసల్ఫేట్ 3.6 మి.లీ. పట్టిందనుకోండి, నూనె లేకుండా చేసిన బ్లాంక్‌కి 0.1. తేడా 3.5ని 0.01తో, వెయ్యితో గుణించి 5తో భాగిస్తే 7 వస్తుంది. చేప నూనెలకి 2017 నాటి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రమాణం ప్రకారం 5 దాటకూడదు. కాబట్టి ఇది ఫెయిల్. క్లోరోఫాంతో పని కాబట్టి ఇంట్లో ఎవరూ మొదలుపెట్టకండి, దయచేసి.

ఈ అంకెలోనూ ఒక మోసం ఉంది. నూనె పాడయ్యేకొద్దీ పెరాక్సైడ్లు ముందు పెరుగుతాయి, తర్వాత అవే విడిపోయి ఆల్డిహైడ్లు అవుతాయి, అప్పుడు పెరాక్సైడ్ విలువ దిగిపోతుంది. బాగా చెడిపోయిన నూనె కూడా 2 చూపించి మురిపించగలదు. అందుకే ఆల్డిహైడ్లని కొలిచే ఎనిసిడిన్ విలువ కూడా కావాలి. దానికి హద్దు 20. పెరాక్సైడ్‌ని రెండుతో గుణించి ఎనిసిడిన్ కలిపితే టోటాక్స్, దానికి హద్దు 26. నిమ్మ లాంటి ఫ్లేవర్లలో సహజంగానే ఆల్డిహైడ్లు ఉంటాయి కాబట్టి ఫ్లేవర్ వేసిన నూనెకి ఎనిసిడిన్ అంకె పెరిగి కనిపిస్తుంది. ముక్కుకే కాదు, ల్యాబ్‌కి కూడా గంతలు కడుతుంది ఆ నిమ్మ.

డల్లాస్ బుల్లోడు
ఆదివారం, రాత్రి 9:33

ల్యాబులు కూడా ఎప్పుడూ ఒకే మాట మీద ఉండవు. 2015లో న్యూజిలాండ్‌లో 32 ఉత్పత్తులు పరీక్షిస్తే లేబుల్ మీద రాసినంత ఈపీఏ, డీహెచ్‌ఏ ఉన్నవి మూడే అని, చాలావాటిలో పెరాక్సైడ్ హద్దు దాటిందని సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చింది. పేపర్లన్నీ గోల. మరుసటి ఏడాదే ఇంకో బృందం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నూనెలని పరీక్షించి, లేబుల్ ప్రకారమే ఉన్నాయి, ముక్కిపోలేదు అని న్యూట్రియెంట్స్‌లో రాసింది. రెండో పేపర్ వచ్చిన సంగతి ఎవరూ షేర్ చేయలేదనుకోండి, అది వేరే కథ.

నేను చేసేది సింపుల్. కెనడాలో ఐఎఫ్‌ఓఎస్ అని ఒక పరీక్షా కార్యక్రమం ఉంది. అందులో చేరిన కంపెనీల బ్యాచ్‌ల రిపోర్టులు వాళ్ల సైట్‌లో పెడతారు. డబ్బా మీద లాట్ నంబర్ చూసి వెతుకుతా. బ్రాండ్ పేరుకి సర్టిఫికెట్ ఉండటం కాదు, నా చేతిలో ఉన్న లాట్‌కి ఉందా అని చూస్తా. కొన్నిసార్లు దొరకదు, అప్పుడు కొనను.

వేసవి వాన (విజయవాడ)
ఆదివారం, రాత్రి 10:15

మాది ఇక్కడి కంపెనీ, ఆ సైట్‌లో లేదు. ఇక్కడ మామూలు మనిషి ల్యాబ్‌కి పంపించవచ్చా?

ఫైలు గుమాస్తా
సోమవారం, ఉదయం 8:40

పంపించవచ్చు. ఆహార భద్రతా చట్టం 2006లో సెక్షన్ 40 కొనుగోలుదారుకి ఆ హక్కు ఇచ్చింది. ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ప్రమాణాలకి తగ్గట్టు లేదని రిపోర్టు వస్తే ఆ ఫీజు తిరిగి వస్తుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. పరీక్షకి పంపిస్తానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. తెరిచిన పాత డబ్బాతో ఈ దారి కుదరదు. సొంత తృప్తి కోసమైతే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబుకి నేరుగా ఇవ్వొచ్చు, కానీ ఫీజు మీ డబ్బా ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. వాకింగ్ గ్రూపు అంతా కలిసి వేసుకుంటే తప్ప గిట్టుబాటు కాదు.

అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ ఉంటుంది. ఆ లైసెన్సులు చూసుకునే ఫాస్‌కాస్ సైట్‌లో కొట్టి చూడండి. ఆ పేరు, ఆ చిరునామా రావాలి. నంబరే లేకపోతే ఇక మిగతా పరీక్షలు ఎందుకు?

రాత్రి డ్యూటీ డాక్టర్
సోమవారం, మధ్యాహ్నం 2:18

నూనె గురించి అంతా మాట్లాడారు, మావయ్య గారి గురించి ఎవరూ అడగలేదు. ఆయన ట్రైగ్లిజరైడ్లు ఎంత? 500 దాటితే పాంక్రియాస్ వాపు భయం ఉంటుంది, అది వాకింగ్ ఫ్రెండ్స్ చూసుకునే పని కాదు. ట్రైగ్లిజరైడ్లు తగ్గించడానికి డాక్టర్లు రాసే మోతాదు రోజుకు 4 గ్రాముల దాకా ఉంటుంది. 300 మి.గ్రా. క్యాప్సూళ్లతో అక్కడికి చేరాలంటే రోజుకు పదమూడుకి పైగా మింగాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు ఒక గ్రాము వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి మొత్తం మీద తగ్గుతాయా అని అమెరికాలో దాదాపు 26 వేల మంది మీద వైటల్ ట్రయల్ చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొంచెం పెరుగుతుందని వేరే ట్రయల్స్‌లో తేలింది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వేరే సరుకు, అందులో విటమిన్ ఎ ఎక్కువ. గర్భిణులు దాని జోలికి వెళ్లకూడదు.

వేసవి వాన (విజయవాడ)
గురువారం, సాయంత్రం 5:30

డాక్టర్ గారూ, ఆయనకి 210. బీపీ మాత్ర తప్ప ఇంకేమీ వాడట్లేదు. వచ్చే వారం చూపిస్తున్నాం.

సూదితో గుచ్చి చూశాం. నిమ్మ వాసన ముందు వస్తోంది, వెనకాల ఇంకేదో ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఇంట్లో ఏ ఇద్దరి ముక్కులకీ కుదరలేదు. లైసెన్స్ నంబర్ సరిగ్గానే ఉంది. కంపెనీకి మెయిల్ పెడితే ఒక ఎనాలిసిస్ రిపోర్టు పంపారు. పెరాక్సైడ్ 2.1, ఎనిసిడిన్ 14, టోటాక్స్ 18.2. మాస్టారూ, పాసేనా?

కెమిస్ట్రీ మాస్టారు
గురువారం, రాత్రి 8:05

మెయిల్‌కి జవాబిచ్చారంటే ఫర్వాలేదు, చాలామంది ఇవ్వరు. అంకెలు హద్దుల్లోనే ఉన్నాయి. ఆ కాగితం మీద ఇంకా మూడు విషయాలు చూడండి. పరీక్ష తేదీ ఎప్పటిది, బ్యాచ్ నంబర్ మీ డబ్బా మీదిదేనా, పరీక్షించింది డ్రమ్ములో వచ్చిన నూనెనా, క్యాప్సూల్ చేశాకనా. చాలా రిపోర్టులు నూనె డ్రమ్ము దిగినప్పుడు చేసినవే. ఫ్లేవర్ కలపడం, నింపడం, వేడి, రవాణా అన్నీ ఆ తర్వాత జరుగుతాయి.

వేసవి వాన (విజయవాడ)
గురువారం, రాత్రి 8:40

బ్యాచ్ నంబర్ వేరే. పైన "శుద్ధి చేసిన చేప నూనె, డ్రమ్ము" అనే ఉంది. తేదీ మా డబ్బా తయారీకి నాలుగు నెలల ముందుది.

కెమిస్ట్రీ మాస్టారు
గురువారం, రాత్రి 8:52

అయితే ఇలా రాయండి: "మా బ్యాచ్ నంబర్ ఇది. తయారైన క్యాప్సూల్ మీద చేసిన పెరాక్సైడ్, ఎనిసిడిన్ విలువలు, ఈపీఏ, డీహెచ్‌ఏ మోతాదు, పరీక్ష తేదీ పంపండి. ఎనిసిడిన్ ఫ్లేవర్ కలపక ముందుదా, తర్వాతదా చెప్పండి." పంపితే సరే. పంపకపోతే ఈసారి ఫ్లేవర్ లేని రకం కొనండి. అప్పుడు మీ ముక్కైనా పని చేస్తుంది.

డల్లాస్ బుల్లోడు
గురువారం, రాత్రి 11:20

ఇదే థ్రెడ్‌లో అడిగేస్తా. మే నెలాఖరులో వరంగల్ వస్తున్నా, అమ్మానాన్నల కోసం 300 క్యాప్సూళ్ల పెద్ద డబ్బా తెద్దామనుకుంటున్నా. ఇద్దరూ రోజుకొకటి. ఓకేనా?

మందుల షాపు (గుంటూరు జిల్లా)
శుక్రవారం, ఉదయం 9:05

ఇద్దరికీ ఐదు నెలలు వస్తుంది. అన్నాళ్లూ రోజూ మూత తీస్తూ ఉంటే లోపలికి కొత్త గాలి, తేమ వెళ్తూనే ఉంటాయి. అందులోనూ వానాకాలం. దాని బదులు చిన్న డబ్బాలు మూడు తెండి, ఒకటి అయ్యాక ఇంకోటి తెరవమనండి. సీలు తీయనివి ఫ్రిజ్‌లో తలుపు అరలో కాకుండా లోపల పెట్టమనండి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు సూట్‌కేసు కారు డిక్కీలో వేసి మధ్యలో భోజనానికి ఆగకండి. డబ్బాలు చేతిసంచిలో పెట్టుకుని ఏసీలో మీతోపాటే ఉంచుకోండి.